సీవీ రాయడం ఎలా: ఖాళీ పేజీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు దాకా

1482 ప్రాంతంలో ముప్పై ఏళ్ల చిత్రకారుడొకడు మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు కొలువు అడుగుతూ ఉత్తరం రాశాడు. తేలిగ్గా మోసుకుపోగల వంతెనలు కట్టగలనన్నాడు. ముట్టడి వేళ కందకాల్లో నీళ్లు తోడేయించే ఉపాయం తెలుసన్నాడు. ఫిరంగులు, సొరంగాలు, కప్పున్న యుద్ధ శకటాలు... అంకెలు వేసి మరీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. బొమ్మలు వేయడం గురించి ఎక్కడో చివర్లో, అదీ ఒక్క ముక్కలో తేల్చేశాడు. నమ్మకం కుదరకపోతే మీ తోటలోనే చేసి చూపిస్తానని ముగించాడు. ఆయనే లియొనార్డో డావిన్చీ.

తనకు బాగా వచ్చిన పనిని వెనక్కి నెట్టి, ఎదుటివాడికి కావలసిన పనిని ముందుకు తెచ్చాడు. యుద్ధాల మధ్య నలుగుతున్న పాలకుడికి ఆ పొద్దున కావలసింది బొమ్మ కాదు, వంతెన. సీవీ రాయడంలో నేను చెప్పబోయేదంతా ఇంచుమించు ఇదే. మిగిలినవి దీన్ని కాగితం మీద ఎలా పెట్టాలన్న వివరాలు.

సీవీ అంటే కరిక్యులం వీటే అనే లాటిన్ మాటకు పొట్టి రూపం. 'జీవిత గమనం' అని అర్థం. ఈ పేరు చూసే చాలామంది దారి తప్పుతారు. పుట్టిన దగ్గర్నుంచి నిన్నటి దాకా జరిగిందంతా వరసగా రాసేస్తారు. రెజ్యూమె అనే ఫ్రెంచి మాటకు 'సారాంశం' అని అర్థం, పనికి అది దగ్గరగా ఉంటుంది. అమెరికాలో ఉద్యోగాలకు అడిగేది రెజ్యూమె. అక్కడ సీవీ అంటే పరిశోధన పత్రాలు, ప్రసంగాలు అన్నీ కలిపి అధ్యాపకులు, పరిశోధకులు పెట్టుకునే పొడవాటి పత్రం. మిగతా చాలా చోట్ల రెండు మాటలకూ పెద్ద తేడా చూడరు. ఇక్కడ నేను సీవీ అన్నప్పుడల్లా ఒకటి రెండు పేజీల పత్రాన్నే అనుకోండి.

మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునే పని కొన్నేళ్లుగా నా మీద కూడా పడుతోంది. ఒక్క పోస్టుకు వచ్చే సీవీల కట్ట ముందు కూర్చున్నప్పుడు మనిషి ఎలా చదువుతాడో నాకు నేనే గమనించుకున్నాను. చదవడు, వెతుకుతాడు. పేరు, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం, దానికి ముందుది, తేదీలు, చదువు. అంతే, పక్కన పెట్టడమా ఉంచడమా తేలిపోతుంది. 2018లో ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ రిక్రూటర్ల కంటి కదలికల్ని పరీక్షిస్తే, ఒక్కో రెజ్యూమె మీద తొలిచూపు సగటున 7.4 సెకన్లే నిలిచిందట. అన్యాయమే అనిపిస్తుంది. కానీ ఆ కట్ట మీ ముందుంటే మీరూ అదే చేస్తారు.

మొదటి మెట్టు: సీవీ పక్కన పెట్టి ప్రకటన చదవండి

ప్రకటనను ప్రింట్ తీసుకోండి, లేదా ఒక ఫైల్లోకి కాపీ చేసుకోండి. పెన్ను పట్టుకుని మూడు రకాల గుర్తులు పెట్టండి. తప్పకుండా ఉండాలన్నవి, ఉంటే మంచిదన్నవి, ఉత్త అలంకారానికి రాసినవి. 'ఉత్సాహవంతులు', 'చురుకైన వాతావరణం' లాంటివి మూడో రకం, వాటి మీద టైమ్ పెట్టకండి.

తర్వాత ఇంకోసారి చదవండి. ఒకే సంగతి వేరే వేరే మాటల్లో రెండు మూడు చోట్ల వస్తోందా? ఉదాహరణకు, గోదాములో స్టాక్ చూసుకునే మనిషి కావాలన్న ప్రకటనలో ఒకచోట 'లెక్కల్లో కచ్చితత్వం' అనీ, ఇంకోచోట 'తేడాలకు కారణం కనిపెట్టగలగాలి' అనీ, చివర్లో 'ఆడిట్ అనుభవం ఉంటే ప్రాధాన్యం' అనీ ఉందనుకోండి. అక్కడ స్టాక్ లెక్క కుదరడం లేదన్నమాట. ఎవరో ఒకాయన నెలనెలా ఆ తేడాలకు సమాధానం చెప్పుకోలేక సతమతమవుతున్నాడు. మీ సీవీ చదివేది దాదాపుగా ఆయనే.

రెండో మెట్టు: ముడిసరుకు ఒకచోట పోయండి

ఎవరికీ పంపని ఒక పెద్ద ఫైల్ పెట్టుకోండి. చేసిన ప్రతి ఉద్యోగం, చేరిన నెల, మానేసిన నెల, పై అధికారి హోదా, వాడిన సాఫ్ట్‌వేర్లు, నేర్చుకున్న కోర్సులు, ఎవరైనా మెచ్చుకుంటూ పంపిన మెయిల్, చిన్నాపెద్దా విజయాలు అన్నీ అందులో పడేయండి. పది పేజీలైనా పర్వాలేదు. ప్రతి దరఖాస్తుకూ ఇందులోంచి ఏరుకుని రెండు పేజీలు కడతారు.

ఇది ఉద్యోగం పోయాక కాదు, ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టాల్సిన పని. ఆఫీసు ఐడీ మూసేశాక పాత లెక్కలు కావాలంటే దొరకవు. కంపెనీ ఫైళ్లు తెచ్చుకోమనడం లేదు, అది తప్పు. మీరు ఏం చేశారో మీ మాటల్లో నెలకో నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు.

మూడో మెట్టు: పైభాగం

పేరు పెద్ద అక్షరాల్లో. దాని కింద ఫోన్ నంబరు, ఈమెయిల్, ఉంటున్న ఊరు. ఇంటి నంబరు, వీధి అక్కర్లేదు. లింక్డ్ఇన్ పేజీ తాజాగా ఉంటేనే దాని లింకు ఇవ్వండి. తేదీలు సీవీలో ఒకటి, అక్కడ ఒకటి ఉంటే అనవసరమైన అనుమానం. కాలేజీ రోజుల్లో సరదాగా పెట్టుకున్న ఈమెయిల్ ఐడీని ఇక వదిలేయండి. 'కరిక్యులం వీటే' అని పైన హెడింగ్ పెట్టాల్సిన పని లేదు, అది సీవీ అని చూస్తేనే తెలుస్తుంది.

ఫొటో, పుట్టినతేదీ, పెళ్లయిందా లేదా అన్నవి దేశాన్ని బట్టి ఉంటాయి. అమెరికా, బ్రిటన్‌లలో వాటిని పెట్టకపోవడమే పద్ధతి. వివక్ష చూపారన్న మాట రాకుండా అక్కడి సంస్థలు వాటికి దూరంగా ఉంటాయి. జర్మనీలో ఫొటో పెట్టే అలవాటు ఇంకా కనిపిస్తుంది కానీ తప్పనిసరి కాదు. యూరప్ దేశాలకు పంపేవాళ్లకు యూరోపాస్ అనే ఉచిత నమూనా ఉంది. ఎక్కడ అడిగితే అక్కడే వాడండి, అడగని చోట దాని అవసరం లేదు.

పేరు కింద రెండు మూడు వాక్యాల పరిచయం రాస్తారు. 'సవాళ్లతో కూడిన సంస్థలో నా ప్రతిభను వినియోగించుకుంటూ ఎదగాలన్నదే నా ధ్యేయం' అనే వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కే లేదు. అందులో మీ గురించి ఒక్క ముక్కా లేదు. దాని బదులు ఇలా చూడండి: 'ఐదేళ్లుగా గోదాముల్లో స్టాక్ లెక్కలు చూస్తున్నాను. లెక్కింపు పద్ధతులు మార్చి తేడాలు తగ్గించడం నా బలం. ఎక్సెల్‌లో రోజువారీ రిపోర్టులు నేనే తయారు చేస్తాను.' మూడు చిన్న వాక్యాలు. పైన చెప్పిన ప్రకటన ఇచ్చినాయన ఇక్కడ ఆగుతాడు.

ఈ పరిచయాన్ని అన్నిటికంటే ఆఖర్న రాయండి. కింద ఏముందో తేలకముందే దాని సారాంశం రాయడం కుదరదు.

నాలుగో మెట్టు: అనుభవం, అసలు పని ఇక్కడే

ఇప్పటి ఉద్యోగం పైన, పాతవి కిందకి. హోదా, సంస్థ, ఊరు, నెలా సంవత్సరం. ఒక్కోదాని కింద మూడు నుంచి ఆరు పాయింట్లు. పదేళ్ల కిందటి ఉద్యోగమైతే ఒక్క లైను చాలు.

ఆ పాయింట్లు ఎలా రాయాలో చెప్పడం కంటే జరిగింది చూపిస్తాను. మా పిన్ని కొడుకు ఓసారి సీవీ చూడమని తెచ్చాడు. అనుభవం కింద మొదటి లైను ఇలా ఉంది: 'గోదాములో స్టాక్ నిర్వహణ బాధ్యతలు నిర్వర్తించాను.'

"ఇదేంట్రా? ఈ లైను ఏ గోదాములో పనిచేసిన వాడైనా రాసుకోవచ్చు కదా," అన్నాను.

"చేసింది అదే కదా అన్నయ్యా. ఇంకేం రాయను?"

"ఎన్ని రకాల సరుకు ఉండేది?"

"పన్నెండొందల దాకా."

"లెక్క తప్పేది కాదా?"

"ఎందుకు తప్పదు! నెలాఖరున మొత్తం ఒకేసారి లెక్కపెట్టేవాళ్లం. ఏది ఎప్పుడు పోయిందో తేలేది కాదు. నలభై, నలభై ఐదు రకాల్లో తేడాలొచ్చేవి. చూసి చూసి విసుగొచ్చి, నేనే రోజుకో యాభై రకాలు లెక్కపెట్టడం మొదలెట్టా. నెల తిరిగేసరికి అన్నీ ఒకసారి అయిపోతాయి కదా."

"తర్వాత?"

"ఆర్నెల్లకి తేడాలు తొమ్మిదికొచ్చాయి. మా మేనేజర్ రెండో గోదాములో కూడా అదే పెట్టించాడు."

ఇంత చేసి 'బాధ్యతలు నిర్వర్తించాను' అని రాసుకొచ్చాడు! ఆ లైను కొట్టేసి ఇలా రాశాం:

'1,200 రకాల సరుకున్న గోదాములో నెలాఖరు లెక్కింపుకు బదులు రోజుకు 50 రకాలు లెక్కపెట్టే పద్ధతి మొదలుపెట్టాను. ఆరు నెలల్లో తేడాలు 45 నుంచి 9కి తగ్గాయి. తర్వాత రెండో గోదాములోనూ ఇదే పద్ధతి పెట్టారు.'

ఇందులో గొప్పలు లేవు, విశేషణాలు లేవు. పని ఎంత పెద్దదో ఉంది, వాడు ఏం మార్చాడో ఉంది, మార్చాక ఏమైందో ఉంది. మీ సీవీలో ప్రతి పాయింటునూ ఇలాగే నిలదీయండి. ఎంత? ఎన్ని? ముందు ఎలా ఉండేది? నేను రాకపోయి ఉంటే ఏం జరిగేది? మనకు మనం అడుక్కుంటే సరిగా రాదు, ఎదుట ఇంకో మనిషి కూర్చుని అడగాలి. ఓ స్నేహితుడికి టీ ఇప్పించి అరగంట ప్రశ్నలు వేయమనండి.

అన్ని పనులకూ అంకెలు ఉండవు, నిజమే. అలాంటప్పుడు పని ఎన్నిసార్లు చేశారు, ఎంతమంది దాన్ని వాడుకున్నారు, ఎవరి నమ్మకంతో అప్పగించారు అన్నవి చెప్పొచ్చు. 'కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం నాకే అప్పగించేవారు' అన్నది అంకె లేకపోయినా బరువున్న మాట. అంకెలు మాత్రం పుట్టించకండి. ఇంటర్వ్యూలో మొదట గుచ్చి అడిగేది ఆ అంకెనే. సంస్థ రహస్యమనుకునే లెక్కలుంటే 'సగానికి తగ్గింది', 'మూడో వంతు పెరిగింది' అని నిష్పత్తిలో చెప్పండి.

మనలో చాలామందికి ఇంకో అలవాటుంది. 'నేను' అనడానికి మొహమాటం, అన్నిటికీ 'మేం' అంటాం. మాట్లాడేటప్పుడు అది మర్యాద. సీవీలో మాత్రం మీ వాటా ఏదో తెలియకుండా పోతుంది. జట్టు చేసిన పనిని జట్టు పనిగానే చెప్పి, అందులో మీ చేతి మీదుగా జరిగిందేదో విడిగా చెప్పండి: 'ఆరుగురి జట్టులో సప్లయర్లతో మాట్లాడే భాగం నాది.'

రాయడం అయ్యాక పాయింట్ల వరస మార్చండి. మొదటి మెట్టులో గుర్తులు పెట్టిన ప్రకటన పక్కనే పెట్టుకుని, వాళ్ల నొప్పికి మందు ఏ పాయింటులో ఉందో దాన్ని పైకి తీసుకురండి. మీకు బాగా ఇష్టమైన పాయింటు కిందకు పోవచ్చు. పోనివ్వండి.

అనుభవం లేనివాళ్లు, మధ్యలో ఆగినవాళ్లు

ఫ్రెషర్లు చదువును పైన పెట్టి, అనుభవం చోట ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్, పార్ట్‌టైమ్ పనులు రాయండి. నాలుగో మెట్టు సూత్రమే ఇక్కడా. 'కాలేజీ ఉత్సవంలో పాల్గొన్నాను' కాదు. ఎంతమంది వచ్చారు, డబ్బు లెక్క ఎవరు చూశారు, టికెట్లు ఎలా అమ్మారు. షాపులో కౌంటర్ దగ్గర కూర్చున్న అనుభవాన్ని నామోషీగా దాచేవాళ్లను చూశాను. కోపంగా వచ్చిన మనిషితో మాట్లాడి పంపించడం వచ్చినవాడు ఏ ఆఫీసుకైనా పనికొస్తాడు. ఒక పేజీ దాటకండి. పేజీ నిండలేదని అక్షరాలు లావు చేస్తే అది కనిపిస్తూనే ఉంటుంది.

మధ్యలో ఏడాదో రెండేళ్లో ఖాళీ ఉంటే, దాన్ని దాచడానికి నెలలు తీసేసి సంవత్సరాలు మాత్రమే రాస్తుంటారు. చదివేవాళ్లకు ఈ కిటుకు తెలుసు. 'ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం వల్ల విరామం, మార్చి 2022 – జూన్ 2023' అని ఒక్క లైను రాసేస్తే అనుమానం అక్కడితో పోతుంది. ఆ కాలంలో కోర్సు చేసి ఉంటే అదీ కలపండి. ఎక్కువ వివరణ ఇవ్వకండి, క్షమాపణ అసలే వద్దు.

ఐదో మెట్టు: చదువు, నైపుణ్యాలు

త్వరగా ముగించొచ్చు. అత్యున్నత చదువు పైన. ఐదారేళ్ల అనుభవం వచ్చాక స్కూలు మార్కులు ఎవరికీ పట్టవు, తీసేయండి.

నైపుణ్యాల దగ్గర గీతలు గీసి 'ఎక్సెల్ 80 శాతం' అని చూపించే డిజైన్లు తెగ నడుస్తున్నాయి. దేనిలో 80 శాతం? ఎక్సెల్ మొత్తంలో అన్నిపాళ్లు వచ్చినవాళ్లు నాకైతే ఎక్కడా కనపడలేదు. 'పివట్ టేబుల్స్, వీ-లుకప్, రోజువారీ రిపోర్టులకు మాక్రోలు' అని రాయండి, మీ స్థాయి వాళ్లకే తెలుస్తుంది. భాషల విషయంలో యూరప్‌లో ఎ1 నుంచి సి2 దాకా ఆరు స్థాయిల కొలత ఉంది; పరీక్ష రాసి ఉంటే ఆ స్థాయి చెప్పండి, లేకపోతే 'మాట్లాడగలను, రాయగలను' అంటే చాలు. 'కష్టపడే తత్వం', 'టీమ్ ప్లేయర్' లాంటివి జాబితాలో వద్దు. పైన పాయింట్లు సరిగా రాస్తే అవి వాటంతటవే కనిపిస్తాయి.

హాబీలు? మాట్లాడుకోవడానికి ఏదైనా దొరికేలా ఉంటే ఒక్కటి రాయండి. 'పాటలు వినడం' వల్ల ఒరిగేదేం లేదు.

ఆరో మెట్టు: మనిషి కంటే ముందు మెషీన్

పెద్ద సంస్థల్లో దరఖాస్తులు ముందు ఏటీఎస్ (అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్) అనే సాఫ్ట్‌వేర్‌లోకి పోతాయి. దీని గురించి భయాలు చాలా ప్రచారంలో ఉన్నాయి. ప్రధానంగా అది చేసే పని సీవీలోంచి అక్షరాల్ని లాగి, పేరు, హోదా, తేదీలు, చదువు అని అరల్లో సర్దడం. తర్వాత రిక్రూటర్ కావలసిన మాటలతో వెతుక్కుంటాడు. ప్రకటనలో 'ఇన్వెంటరీ' అని ఉండి మీరు అంతటా 'స్టాక్' అనే రాస్తే, ఆ వెతుకులాటలో మీరు తగలకపోవచ్చు. కాబట్టి వాళ్ల మాటను కనీసం ఒకచోట అలాగే వాడండి. తెల్ల అక్షరాల్లో కీవర్డ్స్ దాచిపెట్టే తెలివి మాత్రం చూపకండి. అక్షరాలు బయటకు లాగినప్పుడు అవన్నీ నల్లగా కనిపిస్తాయి.

మెషీన్ మీ సీవీని ఎలా చదువుతుందో తెలుసుకోవడానికి డబ్బు కట్టి పరీక్షలు చేయించనక్కర్లేదు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. రెండు కాలమ్‌ల డిజైన్ అయితే ఎడమ పక్క ఫోన్ నంబరు మధ్యలోకి కుడి పక్క ఉద్యోగం హోదా వచ్చి దూరడం కనిపించొచ్చు. బొమ్మలుగా పెట్టిన ఐకాన్లు మాయమవుతాయి. స్కాన్ చేసిన కాగితమైతే అసలు ఏమీ పేస్ట్ కాదు, అది అక్షరాలు కాదు, ఫొటో. నోట్‌ప్యాడ్‌లో వరసగా, అర్థమయ్యేలా వస్తే మెషీన్‌తో ఇబ్బంది ఉండదు. ఫోన్ నంబరు, ఈమెయిల్‌ను పేజీ హెడర్‌లో పెట్టకుండా మామూలు భాగంలోనే ఉంచండి. హెడర్‌ను వదిలేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

రూపం గురించి ఇంతే: ఒకే ఫాంట్, 10 నుంచి 12 పాయింట్ల మధ్య, చుట్టూ తగినంత ఖాళీ, హోదాలు బోల్డ్‌లో. అమెరికాకైతే లెటర్ సైజు పేజీ, మిగతా చాలా దేశాలకు ఏ4.

ఏఐతో రాయించుకోవచ్చా అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. తప్పులు దిద్దించుకోండి, పొడుగు వాక్యాలు కుదించమనండి. మొత్తం రాయమంటే మాత్రం పక్కవాడి సీవీలో ఉన్న మాటలే మీకూ ఇస్తుంది. రోజుకు యాభై రకాలు లెక్కపెట్టిన సంగతి దానికి మీరు చెప్పందే తెలియదు. చెప్పగలిగిన రోజున సగం పని మీరే చేసేశారు.

ఏడో మెట్టు: దిద్దడం, పంపడం

నా మొదటి సీవీలో ఫోన్ నంబరులో రెండంకెలు అటూఇటూ అయ్యాయి. రెండు నెలలు ఒక్కరూ పిలవలేదని టెన్షన్ పడి, నాకే ఏదో లోపం ఉందనుకుని, కోర్సులో కూడా చేరాను. చివరికి ఒకాయన మెయిల్ పెట్టాడు, మీ నంబరుకు చేస్తే ఎవరో పెద్దావిడ తిడుతున్నారని. అప్పటినుంచి నేను పంపే ముందు సీవీలో ఉన్న నంబరు చూసి, వేరే ఫోన్ నుంచి డయల్ చేస్తాను. ఈమెయిల్ కూడా అంతే, అందులోంచే కాపీ చేసి ఒక మెయిల్ పంపి చూస్తాను.

తర్వాత గట్టిగా చదవండి, కళ్లు దాటవేసిన తప్పు నాలుకకు తగులుతుంది. ఒకరోజు ఆగి, కింది పాయింటు నుంచి పైకి ఇంకోసారి చదవండి. వేరే దరఖాస్తు నుంచి మిగిలిపోయిన ఇంకో కంపెనీ పేరు ఎక్కడైనా ఉందేమో ప్రత్యేకంగా వెతకండి. నా బల్ల మీదకు అలాంటివి ఇప్పటికీ వస్తుంటాయి.

ఫైలుకు మీ పేరు, పోస్టు పేరు పెట్టండి. 'సీవీ ఫైనల్ కొత్తది 3' అన్న పేరుతో పంపితే మీ ఇంట్లో జరిగిన యుద్ధమంతా వాళ్లకు తెలిసిపోతుంది. వర్డ్ కావాలని అడిగితే తప్ప పీడీఎఫ్ పంపండి. మెయిల్‌లో నాలుగు వాక్యాలు చాలు: ఏ పోస్టు, మీరెవరు, వాళ్ల అవసరానికి తగిన మీ ఒక్క పని, ఎప్పటినుంచి చేరగలరు.

పంపినరోజే ఒక ఫోల్డర్ తెరిచి, ఏ సంస్థకు ఏ సీవీ పంపారో అదీ, ప్రకటన కాపీ కూడా దాచుకోండి. గడువు దాటాక ప్రకటనను సైట్ నుంచి తీసేస్తారు. మూడు వారాల తర్వాత ఫోన్ వస్తే 'ఏ పోస్టు గురించండీ?' అని అడగాల్సిన పరిస్థితి రాకూడదు.

మా తమ్ముడికి పంతొమ్మిదో రోజున ఫోన్ వచ్చింది. పరిచయాలు కూడా కాకముందే అటువైపు ఆయన అడిగాడట: "రోజుకు యాభై అని రాశారు. ఆ యాభై ఏవో ఎలా ఎంచుకునేవారు?" వాడు ఫోల్డర్ తెరుచుకుని కూర్చున్నాడు కానీ చూసుకునే పనే పడలేదు. ఎక్కువగా కదిలే సరుకుతో మొదలుపెట్టి పావుగంట ఆపకుండా చెప్పాడు.